మోడ్లారాయిట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: వాగుకి అటో రాష్ట్రం, ఇటో రాష్ట్రం

నేను ఉండేది జర్మనీలో, బవేరియా రాష్ట్రం ఉత్తర భాగంలో. ఇంటికి చుట్టాలో స్నేహితులో వస్తే వాళ్లని కోటలకీ రాజభవనాలకీ కాకుండా ముందు మోడ్లారాయిట్ అనే ఈ బుల్లి ఊరికి తీసుకెళ్తాను. ఒకప్పుడు మధ్యలో గోడ కట్టి, సగం పశ్చిమ జర్మనీలో, సగం తూర్పు జర్మనీలో ఉండిపోయిన ఊరు ఇది. దారిలో కారులో అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు, నేను ఇవే జవాబులు చెప్తాను. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

అసలు ఈ ఊరు ఎక్కడుంది?

జర్మనీ మ్యాపులో బెర్లిన్ నుంచి మ్యూనిక్‌కి గీత గీస్తే సుమారు మధ్యలో పడుతుంది. రెండు నగరాలూ అటూ ఇటూ దాదాపు 300 కిలోమీటర్లు. దగ్గర్లోని పట్టణం హోఫ్, దానికి ఉత్తరంగా కారులో ఓ 20 నిమిషాలు. ఆ ప్రాంతాన్ని ఫోగ్ట్‌లాండ్ అంటారు. చిన్న చిన్న గుట్టలు, పొలాలు, పచ్చిక మైదానాలు, మధ్యమధ్యలో స్ప్రూస్ అడవులు ఉంటాయి. చలికాలంలో ఆ చుట్టుపక్కల చలి ఎంతంటే మిగతా బవేరియా వాళ్లే హోఫ్ చలి మీద జోకులేస్తారు. బవేరియా, థురింగియా, శాక్సనీ, మూడు రాష్ట్రాలు కలిసే చోటు కూడా అక్కడికి దగ్గరే.

ఊరి మధ్యలోంచి టాన్‌బాఖ్ అనే వాగు పారుతుంది. వాగు అన్నాను కదా అని పెద్దగా ఊహించుకోకండి, చాలాచోట్ల పిల్లలు కూడా ఒక్క గెంతులో దాటేస్తారు. ఆ నీళ్లు పోయి జాలె నదిలో కలుస్తాయి, జాలె వెళ్లి ఎల్బెలో కలుస్తుంది. భూగోళం ఇంతే. కానీ ఈ ఊరి కథంతా ఆ గెంతు మీదే ఉంది.

ఎంతమంది ఉంటారు?

రెండు ఒడ్లూ కలిపితే 50 మంది, అంతే. మన అపార్ట్‌మెంట్‌లో ఒక్క బ్లాకులో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు.

పేరు ఎలా పలకాలి?

జర్మన్‌లో రాసేటప్పుడు 'o' మీద రెండు చుక్కలుంటాయి, ఆ అచ్చు మనకి లేదు. పెదాలు గుండ్రంగా పెట్టి 'మే' అనడానికి ప్రయత్నిస్తే వచ్చేదే అది. మీరు 'మోడ్లారాయిట్' అన్నా అక్కడివాళ్లకి అర్థమవుతుంది. చివరి 'రాయిట్' అంటే అడవి కొట్టి సాగులోకి తెచ్చిన నేల. ఈ ప్రాంతంలో ఎటు చూసినా ఈ తోక ఉన్న ఊళ్లే, అన్నిటికన్నా పేరున్నది బైరాయిట్.

ఊరిని రెండు ముక్కలు చేసింది రష్యావాళ్లేనా?

అందరూ ముందు ఇదే అడుగుతారు. కాదు. సరిహద్దు అంతకు 130 ఏళ్లకి పైగానే ముందుది.

బైరాయిట్ సంస్థానం ఒకప్పుడు ప్రష్యా అనే పెద్ద జర్మన్ రాజ్యం చేతిలో ఉండేది, యుద్ధంలో ప్రష్యా ఓడిపోయాక నెపోలియన్ చేతికొచ్చింది. ఆయన దాన్ని 1810లో బవేరియా రాజ్యానికి అమ్మేశాడు, అవును, నిజంగానే ఫ్రాంకుల లెక్కన. దాంతో వాగుకి ఒక ఒడ్డు బవేరియాది అయింది. రెండో ఒడ్డు రాయిస్ అనే చిన్న రాజ్యానిది. అదే 1810లో టాన్‌బాఖ్ వెంబడి సరిహద్దు రాళ్లు పాతారు. ఒకవైపు బవేరియా రాజ్యానికి గుర్తుగా కె.బి., ఇంకోవైపు రాయిస్‌కి గుర్తుగా ఎఫ్.ఆర్. అని చెక్కారు.

రాయిస్ వంశం గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడి పేరూ హైన్‌రిషే. 12వ శతాబ్దపు చక్రవర్తి 6వ హైన్‌రిష్ మీద గౌరవంతో మొదలైన ఆచారమట. అందరిదీ ఒకే పేరు కాబట్టి నంబర్లు వేసుకున్నారు, అదీ రాజులకి మాత్రమే కాదు, పుట్టిన ప్రతి ఒక్కరికీ. ఒక శాఖవాళ్లు 100 దాకా లెక్కపెట్టి మళ్లీ 1 నుంచి మొదలెడితే, ఇంకో శాఖవాళ్లు శతాబ్దం మారినప్పుడల్లా కొత్తగా మొదలెట్టేవాళ్లు.

అంటే 1810 నుంచీ జనం విడివిడిగా బతికారా?

లేదు, నాకు ఈ ఊరి చరిత్రలో బాగా నచ్చే భాగం ఇదే. రాళ్లు పాతారు, పన్నులు ఎవరికి కట్టాలో తేలింది, ఆ తర్వాత జనం వాటిని పట్టించుకోలేదు. బడి, హోటల్ రెండూ రాయిస్ వైపు ఉండేవి. ఈ హోటల్ అంటే సాయంత్రం బీరు తాగుతూ ఊరి కబుర్లు చెప్పుకునే చోటు. చర్చి మాత్రం బవేరియా వైపు పక్క ఊరు టోపెన్‌లో. కాబట్టి చదువుకోవడానికి, తాగడానికి అటు వెళ్లేవాళ్లు, ప్రార్థనకి ఇటు వచ్చేవాళ్లు. పెళ్లి సంబంధాలూ కలుపుకున్నారు, వాగుకి అవతల పొలాలూ ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాజులు పోయారు, రాయిస్ 1920లో మరికొన్ని చిన్న రాజ్యాలతో కలిసి థురింగియా రాష్ట్రం అయింది. పై పేర్లు మారినా ఊళ్లో బతుకు అలాగే సాగింది.

మరి 1945లో ఏం జరిగింది?

హిట్లర్ జర్మనీ ఓడిపోయాక దేశాన్ని గెలిచినవాళ్లు నాలుగు మండలాలుగా పంచుకున్నారు. థురింగియాకి ముందు వచ్చింది అమెరికా సైన్యమే, కానీ ఒప్పందం ప్రకారం 1945 జులైలో దాన్ని సోవియట్లకి అప్పజెప్పి వెళ్లిపోయింది. బవేరియా అమెరికా వాళ్ల దగ్గరే ఉంది. మండలాల గీతలు గీసేటప్పుడు కొత్తగా ఎవరూ కొలవలేదు, పాత రాష్ట్రాల సరిహద్దులనే తీసుకున్నారు. అలా 1810లో పాతిన రాళ్ల వరుస ఒక్కసారిగా అమెరికాకీ సోవియట్‌కీ మధ్య గీత అయిపోయింది. 1949లో పశ్చిమ జర్మనీ, తూర్పు జర్మనీ అని రెండు దేశాలు ఏర్పడ్డాయి. బడి ఒక దేశంలో, చర్చి ఇంకో దేశంలో. మొదట్లో పర్మిట్ కాగితం చూపించి దాటనిచ్చేవాళ్లు.

దారి ఎప్పుడు మూసేశారు?

1952 మే నెలాఖరులో. తూర్పు జర్మనీ ప్రభుత్వం మొత్తం సరిహద్దు పొడవునా, అంటే దాదాపు 1,400 కిలోమీటర్లు, ఒకే ఉత్తర్వు అమలు చేసింది. సరిహద్దుని ఆనుకుని 10 మీటర్ల పట్టీ మొత్తం చదును చేసి దున్నేశారు, ఎవరైనా అడుగు పెడితే జాడ కనబడాలని. దాని వెనక 500 మీటర్ల రక్షణ పట్టీ, దాని వెనక 5 కిలోమీటర్ల నిషిద్ధ ప్రాంతం. ఆ ప్రాంతంలో ఉండేవాళ్లకి గుర్తింపు పత్రంలో ప్రత్యేకంగా ముద్ర ఉండాలి, బయటినుంచి సొంత అన్నదమ్ములు రావాలన్నా అనుమతి తీసుకోవాలి. మోడ్లారాయిట్ తూర్పు భాగం మొత్తం ఆ మొదటి 500 మీటర్లలోనే పడింది.

ఆ జూన్‌లోనే, 'వీళ్లని నమ్మలేం' అనుకున్న కుటుంబాలని సరిహద్దు ఊళ్లనుంచి సామానుతో సహా లారీలెక్కించి లోపలి ప్రాంతాలకి తరలించారు. థురింగియాలో ఆ ఆపరేషన్‌కి అధికారులు పెట్టుకున్న పేరు తెలుగులో చెప్పాలంటే 'చీడపురుగులు'. 1961లో ఇంకో విడత జరిగింది, రెండూ కలిపితే సరిహద్దంతటా 11,000 మందికి పైగానే ఇళ్లు పోగొట్టుకున్నారు. ఆ పేరు గురించి చెప్పినప్పుడు కారులో ఎవరూ మాట్లాడరు.

బెర్లిన్‌లో లాగా ఇక్కడా గోడ కట్టారా?

కట్టారు, కానీ మెల్లగా, మెట్టు మెట్టుగా. 1952లో ముందు మనిషి ఎత్తు దాటే చెక్క పలకల కంచె వేశారు. తర్వాత ముళ్ల కంచెలు, 1960ల మొదట్లో కాంక్రీటు పలకలు వచ్చాయి, చివరికి 1966లో 3.3 మీటర్ల ఎత్తు, 700 మీటర్ల పొడవు కాంక్రీటు గోడ లేచింది. గోడ మొత్తం తూర్పు గడ్డ మీదే కట్టారు.

సరిహద్దులో చాలాచోట్ల ఉన్నది లోహపు కంచే, గోడ కాదు. ఇళ్లు మరీ ఎదురెదురుగా ఉన్న కొన్ని ఊళ్లలో మాత్రమే గోడ కట్టారు, ఎందుకంటే కంచె మనిషిని ఆపుతుంది గానీ చూపుని ఆపదు.

ఎదురింటివాళ్లని కనీసం పలకరించొచ్చా?

పశ్చిమం వైపు నుంచి ఎంత గట్టిగా పిలిచినా, చెయ్యి ఊపినా ఎవరూ ఏమీ అనరు. తూర్పువైపు వాళ్లు తిరిగి చెయ్యి ఊపడం మాత్రం నిషిద్ధం. పశ్చిమం వైపు గట్టు మీద నిలబడితే అవతల పెరట్లో బట్టలారేస్తున్న మనిషి కనబడుతుంది, ఆమె మీ సొంత పిన్ని కావచ్చు, తల ఎత్తి చూడకుండా లోపలికి వెళ్లిపోతుంది. అలా 37 ఏళ్లు.

ఇంకో విడ్డూరం ఉంది. 1972లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరాక, మరుసటి ఏడాది నుంచి పశ్చిమాన సరిహద్దు జిల్లాల్లో ఉండేవాళ్లు తూర్పు వైపు దగ్గరి జిల్లాలకి ఒక్కరోజు వెళ్లి రావచ్చు అన్నారు. కానీ నిషిద్ధ ప్రాంతానికి ఆ సౌకర్యం లేదు. కాబట్టి మోడ్లారాయిట్ పశ్చిమం వాళ్లు పెద్ద చెక్‌పోస్టు గుండా చుట్టూ తిరిగి వెళ్లి తూర్పు జర్మనీలోని పట్టణం చూసి రావచ్చు గానీ, గోడకి అవతల రాయి విసిరితే పడే దూరంలో ఉన్న ఇంటికి మాత్రం వెళ్లలేరు.

ఎవరైనా గోడ దాటి పారిపోయారా?

గోడ కట్టాక ఇక్కడ దాటగలిగింది ఒక్కరే అని చెప్తారు. 1973లో, సరిహద్దు ప్రాంతంలో వాహనం నడపడానికి అనుమతి ఉన్న ఒక మనిషి, సొంతంగా చేసుకున్న నిచ్చెన వేసుకుని గోడెక్కి దూకేశాడు.

'లిటిల్ బెర్లిన్' అనే పేరు ఎలా వచ్చింది?

అమెరికా సైనికులు పెట్టిన పేరు. తర్వాత్తర్వాత పశ్చిమం వైపు ఇదొక టూరిస్టు స్పాట్ అయింది, బస్సుల్లో జనం వచ్చి గోడ చూసి వెళ్లేవాళ్లు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు, తర్వాత అధ్యక్షుడైన పెద్ద బుష్ వచ్చాడు. 50 మంది ఊరికి ఇంత హంగామా! గోడకి అవతలివైపు వాళ్లకి మాత్రం ఆరోజు కూడా తల వంచుకుని పని చేసుకోవాల్సిన రోజే.

గోడ ఎప్పుడు పోయింది?

బెర్లిన్‌లో 1989 నవంబర్ 9న తలుపులు తెరుచుకున్నాయని అందరికీ తెలుసు. ఇక్కడ సరిగ్గా నెల పట్టింది, డిసెంబర్ 9న గోడలో నడిచి వెళ్లడానికి దారి తెరిచారు. 1990 జూన్ 17న ఎక్స్‌కవేటర్ వచ్చి గోడ పడగొట్టింది. ఆ తారీకుకీ ఒక అర్థముంది: 1953లో అదే రోజున తూర్పు జర్మనీ కార్మికులు తిరగబడితే సోవియట్ ట్యాంకులు అణిచేశాయి, పశ్చిమ జర్మనీలో అది అప్పటినుంచీ జాతీయ సెలవు దినం. ఊరివాళ్లు కొందరు మొత్తం గోడా పీకేయమన్నారట, పోరి మరీ ఓ 100 మీటర్లు మిగిల్చారు. 1990 అక్టోబర్ 3న రెండు దేశాలూ ఒకటయ్యాయి.

అయితే ఇప్పుడు ఊరు ఒక్కటే కదా?

కాదు! ఇక్కడే అందరూ బోల్తా పడతారు. దేశం ఒక్కటైంది, ఊరు ఒక్కటవలేదు. 1810 గీత ఇప్పటికీ అలాగే ఉంది, ఇప్పుడది రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు. పశ్చిమ భాగం బవేరియా రాష్ట్రం, హోఫ్ జిల్లా, టోపెన్ గ్రామ పంచాయతీ కిందికి వస్తుంది. తూర్పు భాగం థురింగియా రాష్ట్రం, జాలె-ఓర్లా జిల్లా, గెఫెల్ మున్సిపాలిటీ కిందికి వస్తుంది. జిల్లా కేంద్రాలు కూడా వేరు, ఇటు హోఫ్, అటు ష్లైజ్. పిన్ కోడ్ ఇటు 95తో మొదలవుతుంది, అటు 07తో. టెలిఫోన్ కోడ్ వేరు, కార్ల నంబర్ ప్లేట్లు వేరు, పోలీసులు వేరు, చెత్తబండి వేరు, బడి సిలబస్ వేరు, ప్రాంతీయ ప్రభుత్వ టీవీ వేరు. వాగు దాటితే పలకరింపు కూడా మారుతుంది, బవేరియా వైపు 'గ్రూస్ గాట్', థురింగియా వైపు 'గూటెన్ టాగ్'.

సర్పంచ్ ఎవరు మరి?

మోడ్లారాయిట్‌కి సొంత సర్పంచ్ లేడు. జర్మనీలో చిన్న ఊళ్లని కలిపి ఒక పంచాయతీ చేస్తారు, దానికి ఒక మేయర్, ఒక కౌన్సిల్. మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటారు. ఇక్కడ ఒకరు టోపెన్ మేయర్, ఇంకొకరు గెఫెల్ మేయర్. ఇద్దరికీ ఈ ఊరు తమ పంచాయతీలో ఒక చిన్న మూల మాత్రమే.

మంచినీళ్లు, మురుగునీరు, లోపలి రోడ్లు, పిల్లల బడి కట్టడం, స్వచ్ఛంద అగ్నిమాపక దళం, ఇవి పంచాయతీ పని. చెత్త, కారు రిజిస్ట్రేషన్, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి, మనలాంటి విదేశీయుల వీసా కాగితాలు, ఇవి జిల్లా పని. చదువు ఏం చెప్పాలి, పోలీసులు, ఇవి రాష్ట్రం పని. కాబట్టి మీరు ఇక్కడ ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి ఇల్లు మారారనుకోండి, 50 మీటర్లే, కానీ కొత్త పంచాయతీలో చిరునామా నమోదు, కొత్త జిల్లాలో వీసా ఫైలు, పిల్లలకి కొత్త రాష్ట్రం సిలబస్. కారు నంబర్ ప్లేటు మాత్రం 2015 నుంచి పాతదే ఉంచుకోవచ్చు, అదొక్కటే ఉపశమనం.

ఎన్నికలు కూడా వేరేనా?

వేరే, పైగా పద్ధతులే వేరు. బవేరియాలో కౌన్సిల్‌కీ మేయర్‌కీ ఎన్నికలు 6 ఏళ్లకోసారి. కౌన్సిల్‌లో ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు. నచ్చిన ఒక్కరికి 3 దాకా వేయొచ్చు, మిగతావి వేరే పార్టీల జాబితాల్లోని మనుషులకి పంచొచ్చు. పెద్ద ఊళ్లలో బ్యాలెట్ పేపరు బల్ల మీద పరిచేంత ఉంటుంది. థురింగియాలో కౌన్సిల్‌కి 5 ఏళ్లకోసారి, పూర్తికాలపు మేయర్‌కి 6 ఏళ్లకోసారి, కౌన్సిల్ ఎన్నికలో ఓటరుకి 3 ఓట్లు.

నాకు భలే అనిపించేది ఓటు వయసు. థురింగియాలో స్థానిక ఎన్నికల్లో 16 ఏళ్లకే ఓటు. బవేరియాలో 18. అంటే వాగుకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు ఈడు పిల్లల్లో ఒకడు మేయర్‌ని ఎన్నుకుంటాడు, ఇంకోడు ఇంకా రెండేళ్లు ఆగాలి.

జర్మనీలో ఉన్న మనవాళ్లు ఓటు వేయొచ్చా?

భారత పాస్‌పోర్టు ఉంటే లేదు, ఎన్నేళ్లు ఉన్నా, ఎంత పన్ను కట్టినా. స్థానిక ఎన్నికల్లో జర్మన్లతో పాటు యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకి మాత్రమే ఓటు. పౌరసత్వానికి మామూలుగా 5 ఏళ్లు నివాసం, భాష, ఇంకా కొన్ని షరతులు.

రోజువారీ బతుకులో తేడా ఇంకెక్కడ తెలుస్తుంది?

సెలవుల్లో. అక్టోబర్ 31 థురింగియాలో సెలవు, లూథర్ మొదలెట్టిన మతసంస్కరణ గుర్తుగా. బవేరియాలో ఆరోజు పనిదినం. మర్నాడు నవంబర్ 1 బవేరియాలో సెలవు, థురింగియాలో పని. జనవరి 6 బవేరియాకే. సెప్టెంబర్ 20 బాలల దినోత్సవం థురింగియాకే. బవేరియా వేసవి సెలవులు దేశంలోకెల్లా ఆఖరున మొదలవుతాయి, కాబట్టి అవతలి పిల్లలు ఆడుకుంటుంటే ఇవతలి పిల్లలు బడికెళ్లే రోజులు బోలెడు.

డబ్బు దగ్గర కూడా. చర్చి సభ్యులు కట్టే పన్ను బవేరియాలో ఆదాయపు పన్ను మీద 8 శాతం, థురింగియాలో 9. ఇల్లు కొంటే ఆస్తి బదిలీ పన్ను బవేరియాలో 3.5 శాతం, థురింగియాలో 2024 నుంచి 5 శాతం, అంతకుముందైతే 6.5. రెండు లక్షల యూరోల ఇల్లు ఇటు ఒడ్డున కొంటే 7,000, అటు ఒడ్డున కొంటే 10,000.

ఇంత తలనొప్పి ఎందుకు, ఒకే రాష్ట్రంలో కలిపేయొచ్చు కదా?

చట్టప్రకారం కుదురుతుంది. జర్మన్ రాజ్యాంగం 29వ అధికరణంలో దీనికి దారి ఉంది. మారే ప్రాంతంలో జనాభా 50,000 దాటకపోతే పెద్ద రెఫరెండం అక్కర్లేదు, రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే చాలు, అక్కడి పంచాయతీల, జిల్లాల అభిప్రాయం మాత్రం వినాలి. 50 మంది ఊరికి ఇదేం పెద్ద పని కాదు.

ఐనా 1990 నుంచి అలాగే ఉంది. నా అభిప్రాయం అడిగితే, తలనొప్పి అనేది మనలాంటి బయటివాళ్లకి కనబడేదే. 1810 నుంచి 1945 దాకా ఈ ఊరు రెండు ప్రభుత్వాల కింద ఉండి కూడా ఒకే ఊరిలా బతికింది. ఆ అలవాటు వాళ్లకి పాతదే. పైగా అటు ఒడ్డువాళ్లని 'ఇక మీరు బవేరియన్లు' అంటే ఒప్పుకుంటారనీ నేననుకోను.

వెళ్తే ఏం చూడొచ్చు? ఎంతసేపు పడుతుంది?

జర్మన్-జర్మన్ మ్యూజియం అని ఒకటుంది. రెండు రాష్ట్రాలవైపు సంస్థలూ కలిసి నడుపుతాయి. బయట ఆరుబయలు భాగంలో మిగిల్చిన గోడ, కాపలా టవరు, కంచెలు అన్నీ అసలు స్థలంలోనే ఉంటాయి. లోపల ఫొటోలు, సైనిక వాహనాలు. మూడు గంటలు పెట్టుకోండి. సొంత కారు ఉంటే మంచిది, ఎ9, ఎ72 హైవేలు రెండూ దగ్గరే. రైలైతే హోఫ్ దాకా వచ్చి అక్కడినుంచి ట్యాక్సీ లేదా బస్సు, కానీ పల్లె బస్సులు ఎక్కువ ఉండవు, వారాంతంలో మరీ తక్కువ, టైమింగులు ముందే చూసుకోండి.

పిల్లలు వెంట ఉంటే ఒక మాట. వెళ్లగానే వాగు మీద అటూ ఇటూ గెంతడం మొదలెడతారు, మావాళ్లు ప్రతిసారీ అదే పని. బూట్లు తడుస్తాయి, డిక్కీలో ఇంకో జత పెట్టుకోండి.